ఫొటో కింద పేరు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం,

నేను బాపట్ల జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఫొటో స్టూడియో నడుపుకుంటున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫొటోలు, పాత ఫొటోలు బాగుచేసి ఫ్రేము కట్టివ్వడం, ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని. మాది ఎరుకల కుటుంబం. అందులోనూ దబ్బ ఎరుకలం, అంటే వెదురు చీల్చి దబ్బలు తీసి గంపలు, తట్టలు, చేటలు అల్లేవాళ్లం. నాకు అల్లిక సరిగ్గా రాదు, చిన్నప్పుడే కెమెరా పట్టుకున్నాను. మా అమ్మ మాత్రం డెబ్బై దాటినా ఇప్పటికీ అల్లుతుంది, ఎవరైనా కోళ్ల గంప కావాలని అడిగితే రెండు రోజుల్లో చేసిచ్చేస్తుంది.

పదకొండేళ్ల కిందట ఒక పత్రిక ఫొటోగ్రాఫర్ మా ఊరి సంతలో మా అమ్మను ఫొటో తీశాడు. మంచి ఫొటో, నేనే మెచ్చుకుంటాను, పొద్దుటి ఎండ పక్కనుంచి పడుతూ చేతుల మీద నరాలతో సహా కనిపిస్తుంది. జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల వెడల్పున వేశారు. కింద ఏం రాశారంటే, 'బుట్టలల్లుకుంటూ పొట్ట పోసుకుంటున్న మహిళ'. అంతే. అమ్మకు చదువు రాదు, నేను చదివి వినిపించాను. కాసేపు పేపరు వైపే చూసి 'నా ఫొటో వేసి నా పేరు వెయ్యలేదేంట్రా, అడిగితే చెప్పేదాన్ని కదా' అంది. ఆ పత్రిక పేరు నేను రాయను, ఇది ఒక్క పత్రిక చేసే పని కాదు, మీదీ చేస్తుంది, అందరూ చేస్తారు. కలెక్టరు గారి ఫొటో కింద పేరు ఉంటుంది, పక్కన నిలబడ్డ వాళ్ల పేర్లు కూడా ఎడమ నుంచి కుడికి వరసగా ఉంటాయి. గంప అల్లే ఆమె మాత్రం ఒక మహిళ, గిరిజన మహిళ, వృద్ధురాలు.

ఇన్నేళ్లూ ఈ విషయం మనసులో ఉన్నా ఉత్తరం రాయాలని అనిపించలేదు. ఇప్పుడు రాయడానికి కారణం అమెరికాలో ఒక చెరోకీ ఆదివాసీ కళాకారిణి, పేరు షాన్ గోషార్న్. మన పత్రికల్లో ఆవిడ గురించి ఎవరైనా రాశారేమో, నా కంటపడలేదు. నాకు తెలిసింది కూడా అనుకోకుండానే. ఒక కస్టమర్ మందపాటి వాటర్ కలర్ పేపరు మీద ప్రింటు కావాలన్నాడు, ఆ కాగితాన్ని మడిస్తే ఇంకు పగులుతుందా లేదా అని వెతుకుతుంటే ఆవిడ చేసిన బుట్టలు కనిపించాయి. మొదట మామూలు బుట్టలే అనుకున్నాను. ఫొటోను పెద్దది చేసి చూస్తే ఒక్కో దబ్బ మీద సన్నటి అక్షరాలు, ఇంకాస్త దూరంగా చూస్తే ఆ అల్లికలోంచి మనుషుల ముఖాలు. ఆ రోజు షట్టరు వేసేసరికి రాత్రి పదకొండయింది.

ఆవిడ 1957లో బాల్టిమోర్‌లో పుట్టారు, తూర్పు చెరోకీ తెగ. చెరోకీల కథ మన పాఠకుల్లో చాలామందికి తెలియదు కాబట్టి రెండు ముక్కలు రాస్తాను. 1830లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి ఆగ్నేయాన ఉన్న ఆదివాసీలను మిసిసిపీ నదికి అవతలికి తోలేయాలని నిర్ణయించింది. 1838, 39లలో దాదాపు 16 వేల మంది చెరోకీలను ఇళ్లలోంచి లాగి ఇప్పటి ఓక్లహోమా దాకా నడిపించారు, దారిలో, అంతకుముందు ఉంచిన శిబిరాల్లో కలిపి నాలుగు వేల మంది దాకా చనిపోయారంటారు. నార్త్ కరోలినా కొండల్లో మిగిలిపోయిన వాళ్లే తూర్పు చెరోకీలు. గోషార్న్ చిన్నప్పుడు సెలవులకు అక్కడ అమ్మమ్మ వాళ్ల దగ్గరికి వెళ్లి, అక్కడి చేతిపనుల సహకార సంఘం దుకాణంలో పనిచేసేవారు. తర్వాత ఆర్ట్ కాలేజీలో పెయింటింగ్, ఫొటోగ్రఫీ చదివి 1980లో డిగ్రీ తీసుకుని, మరుసటి ఏడాది ఓక్లహోమాలోని టల్సాలో స్థిరపడ్డారు.

బుట్టల వైపు ఆవిడ వచ్చింది యాభై ఏళ్ల వయసులో. కాకపోతే విత్తనం అంతకు చాలా ముందే పడింది. ఆదివాసీ కళల కోసం అక్కడి ప్రభుత్వం పెట్టిన బోర్డు ఒకటి చెరోకీ బుట్టల మీది పాత నమూనాలు ఇరవై బొమ్మలుగా గీయమని ఆవిడకు పని ఇచ్చింది. ఏ దబ్బ ఎన్నింటి మీదుగా పోయి ఎన్నింటి కిందికి దిగుతుందో లెక్కపెట్టకుండా ఆ నమూనా గీయలేం. అలా పెన్నుతో లెక్కపెడుతూ పెడుతూ అల్లిక ఆవిడ తలకెక్కింది, చేతిలోకి దిగడానికి పాతికేళ్ల పైనే పట్టింది. మధ్యలో ఆవిడ చేసిందంతా ఫొటోలే. ఆదివాసీల పేర్లు, బొమ్మలు అతికించి అమ్మే సరుకులను ఫొటోలు తీసి, వాటికి చేత్తో రంగులు వేసి, మా ముఖాలు మీ సీసాల మీద ఎందుకని అడిగేవారు.

చెరోకీలు బుట్టలకు ముఖ్యంగా వాడేది నది ఒడ్డున పెరిగే రివర్‌కేన్. అదీ వెదురు జాతే, అమెరికా నేల మీద సొంతంగా పుట్టిన వెదురు. వాళ్లూ మనలాగే గెడను చీల్చి, పై పొర తీసి, ఆ పొరతోనే అల్లుతారు. ముదురు గోధుమ రంగుకు వాల్‌నట్, నారింజ రంగుకు ఒక అడవి మొక్క వేరు. వాళ్ల అల్లికల్లో అన్నిటికన్నా కష్టమైనది జంట అల్లిక. లోపలి బుట్ట అడుగు నుంచి మొదలుపెట్టి పైకి అల్లుకుంటూ వచ్చి, అంచు దగ్గర దబ్బలు తెంపకుండా బయటికి వంచి, మళ్లీ కిందికి అల్లుకుంటూ పోయి బయటి అడుగున ముగిస్తారు. ఒకదానిలో ఒకటి ఉన్న రెండు బుట్టలు, కానీ ఒకటే అల్లిక.

ఈ జంట అల్లిక ఒక దశలో తూర్పు చెరోకీల్లో దాదాపు పోయింది. దాన్ని 1940లలో తిరిగి నిలబెట్టినావిడ లోటీ క్వీన్ స్టాంపర్, అక్కడి బడిలో అల్లిక నేర్పే టీచరు. ఎలా నిలబెట్టిందో తెలుసా, పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు తీసుకుపోయిన ఒక చెరోకీ బుట్ట లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, దాని ఫొటోలు చూసి. బుట్టను సముద్రం దాటించేశారు, రెండు వందల ఏళ్ల తర్వాత దాని ఫొటో తిరిగొచ్చి పనిని నేర్పింది. ఈ సంగతి చదివినప్పుడు నా వృత్తి మీద నాకు గౌరవం పెరిగింది, నిజంగా చెప్తున్నాను.

ఇక గోషార్న్ ఏం చేశారంటే, రివర్‌కేన్ బదులు కాగితం తీసుకున్నారు. పాత ఒప్పందాలు, ప్రభుత్వ ఉత్తరువులు, ఉత్తరాలు, మ్యూజియం బీరువాల్లోని ఫొటోలు, వీటిని మందపాటి వాటర్ కలర్ కాగితం మీద ఎక్కువకాలం నిలిచే ఇంకుతో ప్రింటు తీసి, రంగులు వేసి, ఆ షీటును సన్నటి దబ్బలుగా కోసి, వాటితో తన తెగ నమూనాల్లో జంట అల్లిక అల్లారు. నాకు ప్రింటింగ్ తెలుసు కాబట్టి ఇందులో ఉన్న కష్టం అర్థమవుతుంది. ఒక ముఖాన్ని ముప్పై ముక్కలుగా కోశాక ఒక్క దబ్బ వరస తప్పినా కన్ను ఒకచోట, పెదవి ఒకచోట పడుతుంది. అడ్డంగా పోయే దబ్బ ప్రతి మూడు నాలుగు గళ్లకూ ఆ ముఖాన్ని కప్పేస్తూ ఉంటుంది. ఎక్కడ కప్పాలో ఎక్కడ వదలాలో ముందే లెక్క వేసుకోకపోతే మిగిలేది కాగితం గజిబిజే.

2010లో ఆవిడ చేసిన ఒక బుట్టలో న్యూ ఎకోటా ఒప్పందం ఉంది. 1835లో గుప్పెడు మంది సంతకాలతో మిసిసిపీకి తూర్పున చెరోకీల భూమి మొత్తం పోయిన ఒప్పందం అది. అది మాకు సమ్మతం కాదని 15 వేల పైచిలుకు చెరోకీల పేర్లతో అర్జీ వెళ్లింది, అయినా సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఆ ఒప్పందం అక్షరాలనూ, వద్దన్న వాళ్ల పేర్లనూ ఆవిడ ఒకే బుట్టలో అల్లారు. 15 వేల పేర్లు ఎవరూ పట్టించుకోని కాగితాలుగా ఉండిపోయాయి, ఒక బుట్టగా మారి మ్యూజియంలో నిలబడేసరికి వచ్చిన ప్రతివాళ్లూ వంగి చదువుతున్నారు.

నన్ను అన్నిటికన్నా కదిలించినవి కార్లైల్ బుట్టలు. పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే ఊళ్లో పాత సైనిక బారకాసుల్లో 1879లో ప్రాట్ అనే ఆర్మీ ఆఫీసరు ఆదివాసీ పిల్లల కోసం హాస్టలు బడి పెట్టాడు. దేశం నలుమూలల నుంచి, వంద తెగలకు పైగా పిల్లలను రైళ్లలో తెచ్చి జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించి పెంచారు. 'వాడిలోని ఇండియన్‌ను చంపు, మనిషిని బతికించు' అన్నది 1892లో ఆ ప్రాట్ చెప్పిన మాటే, అక్కడి ఆదివాసీలను వాళ్లు ఇండియన్లు అనేవాళ్లు. మొదటి ఏడాదే చేరిన పిల్లల్లో ఒకడు, లకోటా తెగవాడు లూథర్ స్టాండింగ్ బేర్, పెద్దయ్యాక చెప్పుకున్నాడు: నల్లబల్ల మీద ఏవో గీతలు రాసి, కర్ర చేతికిచ్చి, ఒకదాన్ని చూపించమన్నారట, ఆ గీతలు ఏంటో తెలియకుండానే ఒకటి చూపించాడు, అదే అతని పేరు అయిపోయింది. ఆ బడి 1918లో మూతపడింది. అక్కడ 180కి పైగా పిల్లలను పూడ్చిపెట్టారు, కొన్ని రాళ్ల మీద పేరుండాల్సిన చోట 'తెలియదు' అని చెక్కి ఉంది.

ఆ బడి గొప్పతనం చాటడానికి వాళ్లు ఎంచుకున్నది మా వృత్తినే. ఆ ఊరి ఫొటోగ్రాఫర్ చోట్ అనే ఆయన పిల్లలు దిగగానే ఒక ఫొటో, కొన్నాళ్లకు ఇంకో ఫొటో తీసేవాడు, రెండూ జంటగా అచ్చువేసి అమ్మేవాళ్లు. నవాహో తెగ యువకుడు టామ్ టార్లినో ఫొటోల జంట వాటిలో బాగా పేరుపడింది, 1882లో ఒకటి, 1885లో ఒకటి. మొదటిదాంట్లో పొడుగు జుట్టు, మెడలో పూసలు. రెండోదాంట్లో కోటు, పక్కపాపిడి, ముఖం బాగా తెల్లబడి ఉంటుంది. లైటు ఎక్కడ పెడితే ముఖం తెల్లగా పడుతుందో మాకు తెలుసు, పెళ్లికూతుళ్లకు రోజూ చేసేదే. ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు బడి పెట్టిన మార్పు కన్నా లైటు పెట్టిన మార్పే ఎక్కువ కనిపించింది. ఆ ఫొటోలు తీసినవాడి చేతిలో ఉన్నదీ నా చేతిలో ఉన్నదీ ఒకటే సాధనం కదా అని ఆ రాత్రి చాలా బాధ కలిగింది.

గోషార్న్ 2011లో చేసిన మూత బుట్టలో ప్రాట్ ప్రసంగం అక్షరాలు దబ్బలయ్యాయి, ఆ బడిలో చదివిన వేల మంది పిల్లల పేర్లు దబ్బలయ్యాయి, మూత మీద ఆ బడి విద్యార్థుల గ్రూపు ఫొటో. వాళ్ల పేర్లు తీసేసిన మనిషి మాటలూ వాళ్ల పేర్లూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయన్నమాట. తర్వాత 2016, 17లలో ఏడు జతలు, అంటే పద్నాలుగు బుట్టలు చేశారు, ఆ ముందు తర్వాత ఫొటోలతోనే. అయితే ఈసారి ప్రింట్లు కోసేముందు వాటిని ఆదివాసీల మధ్యకు తీసుకెళ్లి, మీ మనసులో ఉన్నది రాయండని పెన్ను ఇచ్చారు. జనం ప్రార్థనలు రాశారు, పేర్లు రాశారు. ఆ చేతిరాతలతో సహా కోసి అల్లారు. 2018లో, ఆ బడి మూతపడిన నూరేళ్లకు, ఆ బుట్టలను అదే కార్లైల్ ఊళ్లో డికిన్సన్ కాలేజీ గ్యాలరీలో ప్రదర్శనకు పెట్టారు. అదే ఏడాది డిసెంబరు 1న ఆవిడ క్యాన్సర్‌తో కన్నుమూశారు. అరవై ఒక్క ఏళ్లు. అల్లడం మొదలుపెట్టి పదేళ్లు.

ఇదంతా మా అమ్మకు ఫోనులో చూపించాను. ఏం అంటుందోనని చిన్న టెన్షన్ కూడా ఉంది. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ముఖాల జోలికి పోకుండా అడుగు చూసింది. 'దీనికి మొదలెక్కడరా' అంది. తర్వాత అంచు చూసి, 'మనమైతే అంచుకు వేరే దబ్బ పెట్టి కడతాం, ఈమె కట్టలేదు, వంచేసింది' అని నేను చెప్పకముందే పట్టేసింది. కాగితం అని చెప్తే నమ్మలేదు, తడిస్తే ఎట్టా అంది. ఆ దబ్బల మీద ఉన్నవి పిల్లల పేర్లని చెప్పాక మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, 'ఇంతమంది పేర్లు ఆమెకు ఎక్కడ దొరికినయ్?'

సర్కారు రికార్డుల్లో అని చెప్పాను. చెప్తుంటే నాకు మా సంగతి గుర్తొచ్చింది.

1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, కులాలకు కులాలనే పుట్టుకతో నేరగాళ్లని ముద్ర వేసే చట్టం అది, 1911లో అది మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, మా ఎరుకలను అందులో చేర్చారు. మా పెద్దల్లో ఉప్పు ఎరుకలు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి వ్యాపారం చేసినవాళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక ఆ బతుకు తెరువు పోయింది, తిరగడం మాత్రం నేరమైంది. ఆ చట్టం కింద మా వాళ్లను కట్టడి చేసి ఉంచిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు మా జిల్లాలోనే ఉంది, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ దాన్ని నడిపింది. హాజరు పట్టీ, వేలిముద్రలు, ఊరు దాటాలంటే చీటీ. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. కార్లైల్‌లో జరిగిందీ ఇక్కడ జరిగిందీ ఒకటే అని నేను అనడం లేదు, ఆ దేశం వేరు, ఆ బాధ వేరు. కానీ మా తాతల పేర్లు ఎవరైనా శ్రద్ధగా రాసిపెట్టారంటే అది ఆ రిజిస్టర్లలోనే. అదే కాలంలో మద్రాసు మ్యూజియం అధికారి థర్స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి, ఫొటోలతో సహా పెద్ద పెద్ద సంపుటాలు అచ్చు వేయించాడు. ఆ ఫొటోల కింద ఎక్కువగా ఉండేది కులం పేరే, మనిషి పేరు కాదు. పోలీసులకు మా పేరు కావాలి, ఫొటోకు అక్కర్లేదు. నూరేళ్లు దాటాక మా అమ్మ ఫొటో కిందా అదే జరిగింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఎక్కడో దొంగతనం జరిగితే 'స్టూవర్టుపురం గ్యాంగ్ పనే' అని హెడ్డింగ్ పెట్టడం ఇకనైనా మానేయండి. అది ఒక ఊరి పేరు. అక్కడి పిల్లలు ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లి ఊరు పేరు చెప్పడానికి తడబడటం నేను కళ్లారా చూశాను, ఫొటోలు దిగడానికి నా దగ్గరికే వస్తారు కదా.

నేను అడిగేది పెద్ద ఖర్చయ్యే పని కాదు. మేదరి వాళ్లు కానివ్వండి, ఎరుకలు కానివ్వండి, చెంచులు, సవరలు, కోయలు ఎవరైనా కానివ్వండి, పని చేసుకుంటున్న మనిషి ఫొటో తీసినప్పుడు పేరు అడగమని మీ ఫొటోగ్రాఫర్లకు చెప్పండి. వద్దంటే వేయకండి, వేయమంటే ఊరితో సహా వేయండి. అల్లుతున్న వస్తువు పేరు కూడా అడగండి. అన్నీ 'బుట్టలు' కావు. పేడ ఎత్తేది తట్ట, బియ్యం చెరిగేది చేట, గంజి వార్చేది సిబ్బి, కోళ్లను మూసేది గంప. ఈ పేర్లు రాసేవాళ్లు లేకే ప్లాస్టిక్ టబ్బు వచ్చినప్పుడు వస్తువుతో పాటు మాట కూడా పోతోంది.

రెండోది, మీ దగ్గర పాత ఫొటోలు ఉంటాయి. సంతలు, తిరునాళ్లు, తుపాన్లు, 1977 దివిసీమ ఉప్పెన నాటివి కూడా ఉండొచ్చు. వాటిలో పేరు లేని మనుషులు ఎంతమందో. వారానికి ఒక్క ఫొటో వేసి 'వీరు మీవాళ్లా?' అని అడగండి. గోషార్న్ ప్రింట్ల మీద జనం చేత రాయించినట్టు, మా జనం కూడా ఫోన్లు చేసి చెప్తారు, ఫలానా ఆమె మా మేనత్త అని, ఈయన మా ముత్తాత అని. కొన్ని ఫొటోలకు ఎవరూ రాకపోవచ్చు. వచ్చిన ఒక్కరికి అది ఎంత విలువో నా కౌంటరు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది, చినిగిపోయిన ఒకే ఒక్క ఫొటో పట్టుకొచ్చి 'ముఖం ఒక్కటి బాగుచెయ్యి బాబూ' అని అడిగేవాళ్లు నెలకు నలుగురైనా ఉంటారు. ఫొటోలు శుభ్రం చేయడానికి మనిషి కావాలంటే నేను డబ్బులు తీసుకోకుండా చేసిపెడతాను, ఉత్తుత్తి మాట కాదు.

వెదురు దొరకడం లేదని, అడవి బయట పెరిగిన వెదురును 2017లో చట్టంలో చెట్ల జాబితా నుంచి తీసేసినా మా వాళ్లకు గెడ ధర తగ్గలేదని, అది ఇంకో ఉత్తరానికి సరిపడా ఉంది. ఇప్పటికి ఇదే.

ఈ ఉత్తరంతో పాటు మా అమ్మ ఫొటో పంపిస్తున్నాను. ఆ సంతలోది కాదు, పోయిన నెల మా ఇంటి అరుగు మీద నేనే తీసింది, ఒళ్లో సగం అల్లిన చేట ఉంది. అమ్మను అడిగే పంపుతున్నాను. పేరు, ఊరు ఫొటో వెనక పెన్సిలుతో రాశాను. వేసేటట్టయితే ఆ పేరుతో వేయండి. చోటు లేకపోతే ఫొటో తిరిగి పంపించండి, స్టాంపులు అంటించిన కవరు లోపలే పెట్టాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
బాపట్ల జిల్లా